రొమ్ములో గడ్డకి బయాప్సీ రాశారా? ఆ రోజు దాకా, ఆ రోజున, ఆ తర్వాత ఏం చేయాలి

విజయవాడ సూర్యారావుపేటలో నా స్కానింగ్ రిపోర్టు చూసి డాక్టరుగారు “ఎందుకైనా మంచిది, ముక్క తీసి టెస్టుకి పంపిద్దాం” అన్నారు. ఆ తర్వాత ఆవిడ ఇంకో ఐదు నిమిషాలు మాట్లాడారు. ఒక్కటీ నా చెవికెక్కలేదు. ఏలూరు రోడ్డు మీద ఆటో ఎక్కాక గానీ గుర్తు రాలేదు, సూది ఎంత లావుంటుందో, రిపోర్టు ఎన్ని రోజులకొస్తుందో, వేసుకునే మాత్రలు ఆపాలో వద్దో ఏమీ అడగలేదని.

నాకు తేలింది ఫైబ్రోఎడినోమా, అంటే క్యాన్సర్ కాని గడ్డ. ఏడాదిన్నర తర్వాత గుంటూరులో ఉండే మా తోడికోడలికి ఇదే పరీక్ష రాశారు. తనకి క్యాన్సరని వచ్చింది. ఆపరేషను, కీమో, రేడియేషను అన్నీ అయి ఇప్పుడు చెకప్‌లకి వెళ్తోంది. నా పరీక్షకి నేను, తన పరీక్షకి తోడుగా నేను. ముందే తెలిసుంటే బాగుండేదని అప్పుడు అనిపించినవన్నీ వరసగా రాస్తున్నాను. నేను డాక్టరుని కాను. మీ గడ్డ గురించి, మీ మందుల గురించి చెప్పాల్సింది మీ డాక్టరే. ఆ డాక్టరుని ఏం అడగాలో, ఏ పని ఎప్పుడు చేసుకోవాలో మాత్రం చెప్పగలను.

1. ముందు ఒక కాగితం తీసుకోండి

బయాప్సీ అనగానే వచ్చే భయం ఒకే ముద్దలా ఉంటుంది. దాన్ని రెండు చేయండి. ఒకటి సూది భయం: నొప్పి, రక్తం, మగ డాక్టరు ముందు జాకెట్టు విప్పడం, మచ్చ పడటం. రెండోది రిపోర్టు భయం. మొదటిదానికి జవాబులున్నాయి, అడిగితే తగ్గుతుంది. రెండోది రిపోర్టు వచ్చేదాకా పూర్తిగా పోదు. దాన్ని పోగొట్టుకోలేకపోతున్నానే అని మిమ్మల్ని మీరు తిట్టుకోకండి.

నేను పాత క్యాలెండర్ కాగితం వెనక గీత గీసి, ఒక పక్క సూది సంగతులు, ఇంకో పక్క రిపోర్టు సంగతులు రాసుకున్నాను. రాత్రి రెండింటికి మెలకువ వచ్చి ఏదైనా గుర్తొస్తే అక్కడే రాసేదాన్ని. తెల్లారేసరికి పద్నాలుగు ప్రశ్నలయ్యాయి. డాక్టరుగారికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తొమ్మిది ప్రశ్నలకి సమాధానం చెప్పారు. “ఇంత చిన్న విషయం అడుగుతారా” అని ఎవరూ అనలేదు. మీరూ మొహమాటపడకండి.

2. రిపోర్టులో బైరాడ్స్ అంకె చూడండి

మామోగ్రామ్ రిపోర్టులో గానీ అల్ట్రాసౌండ్ రిపోర్టులో గానీ కింద బైరాడ్స్ అని ఒక అంకె ఉంటుంది. ఇది క్యాన్సర్ స్టేజీ కాదు. చాలామంది ఇక్కడే తప్పుపడతారు. మా తోడికోడలు “4” చూసి నాలుగో స్టేజీ అనుకుని, రెండు రోజులు అన్నం ముట్టలేదు.

అది స్కాన్‌లో కనిపించిన దాన్ని బట్టి అనుమానం ఎంతుందో చెప్పే అంకె, అంతే. 3 అంటే క్యాన్సర్ అయ్యే అవకాశం నూటికి రెండు లోపు. మామూలుగా ఆరు నెలలకి మళ్లీ స్కాన్ చేయించమంటారు. 4 అంటే బయాప్సీ చేసి చూడాల్సిందే. కానీ ఆ 4 చాలా వెడల్పు: 4ఏ అయితే నూటికి 2 నుంచి 10, 4బీ అయితే 10 నుంచి 50, 4సీ అయితే 50 నుంచి 95. ఒట్టి 4 అని రాసుంటే ఏ, బీ, సీల్లో ఏదని అడగండి. 5 అంటే అనుమానం చాలా గట్టిగా ఉన్నట్టు. అప్పుడైనా ముక్క పరీక్ష లేకుండా ఎవరూ ఖాయంగా చెప్పలేరు.

బయాప్సీ చేసిన గడ్డల్లో క్యాన్సర్ కానివి ఎన్నో ఉంటాయి: నాలాంటి ఫైబ్రోఎడినోమాలు, నీటి తిత్తులు, పాలిచ్చే తల్లుల్లో వచ్చే చీము గడ్డలు, ఎప్పుడో దెబ్బ తగిలి కొవ్వు గట్టిపడటం. మన దేశంలో రొమ్ముకి టీబీ రావడం కూడా ఉంది, అది మందులతో తగ్గుతుంది.

3. ఏ రకం బయాప్సీ అని అడగండి

సన్నసూదితో చేసేది ఎఫ్‌ఎన్‌ఏసీ. అందులో కణాలు మాత్రమే వస్తాయి. కొంచెం లావు సూదితో చేసేది కోర్ బయాప్సీ. మన ఆస్పత్రుల్లో ట్రూకట్ అనే మాట ఎక్కువ వినిపిస్తుంది. ఇందులో కండ ముక్క వస్తుంది కాబట్టి, ఒకవేళ క్యాన్సరే అయితే అది చుట్టుపక్కలకి చొచ్చుకుపోయిందా, ఏ మందులకి లొంగే రకం అన్నది కూడా దాన్నించే తేలుతుంది. అందుకే అనుమానం ఉన్న గడ్డలకి ఎక్కువగా ట్రూకట్టే చేస్తారు. గడ్డ చేతికి తగలకుండా మామోగ్రామ్‌లో సున్నపు చుక్కల్లా మాత్రమే కనిపిస్తే, ఆ మెషిన్ మీదే గురి చూసి చేసే బయాప్సీ వేరే ఉంది.

“ముందు ఆపరేషన్ చేసి గడ్డ మొత్తం తీసేద్దాం, తర్వాత టెస్టుకి పంపుదాం” అని ఎవరైనా అంటే, “సూది బయాప్సీతో తెలియదాండీ?” అని తప్పకుండా అడగండి. కొన్నిసార్లు ఆపరేషనే అవసరం అవుతుంది, కారణం చెప్తారు. కారణం చెప్పకుండా తొందరపెడితే ఇంకో డాక్టరుకి చూపించండి. ముందే క్యాన్సరని తెలిస్తే ఆపరేషను ఎలా చేయాలో, కీమో ముందివ్వాలో తర్వాతివ్వాలో ఆలోచించి చేస్తారు. తీసేశాక తెలిస్తే రెండోసారి కోయాల్సి రావచ్చు.

ఖర్చు సంగతి కూడా ఇప్పుడే. బయాప్సీ చేసిన చార్జి వేరు, సూది ఖరీదు వేరు, ల్యాబు వాళ్లది వేరుగా ఉండొచ్చు. అన్నీ కలిపి ఎంతో అడగండి. ప్రైవేటులో భారమైతే గుంటూరు జీజీహెచ్ (అక్కడి ప్రభుత్వ పెద్దాసుపత్రి), విజయవాడ ప్రభుత్వాసుపత్రి, మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. గుంటూరు జీజీహెచ్ ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ సెంటర్ కూడా ఉంది. ఎన్టీఆర్ వైద్య సేవ, అంటే మనం ఇప్పటికీ ఆరోగ్యశ్రీ అంటున్న పథకం కింద క్యాన్సర్ చికిత్స ఉంది. పరీక్షలకి ఎంతవరకు వర్తిస్తుందో ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర బల్ల దగ్గర ముందే కనుక్కోండి. కార్డు జిరాక్సులు రెండు పెట్టుకోండి.

4. “సూది తగిలితే పాకుతుందటగా?”

ఈ మాట మీకు ఎవరో ఒకరు చెప్తారు. మాకు మా మేనత్త చెప్పింది, గడ్డని కెలకకూడదు, పులిని లేపినట్టే అని. ప్రేమతోనే చెప్పింది. అయినా ఆ మాట విని ఆగిపోయిన ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతున్నాను.

సూది వచ్చిన దారిలో కొన్ని కణాలు పక్కకి జరగడం సూక్ష్మదర్శినిలో కనిపించిన మాట నిజమే. వాటిలో ఎక్కువ భాగం బతకవు. ఆపరేషను, రేడియేషను చేసినప్పుడు ఆ దారి కూడా చాలావరకు వాటి కిందికే వస్తుంది. సూది బయాప్సీ చేయించుకున్నందువల్ల ఆయుష్షు తగ్గినట్టు తేలలేదు. మరి ఆ నమ్మకం ఎక్కణ్నుంచి వచ్చింది? మనవాళ్లు గడ్డ బాగా ముదిరాక ఆస్పత్రికి వెళ్లేవాళ్లు. అప్పుడు బయాప్సీ చేసేవారు. కొన్ని నెలల్లో మనిషి పోతే, ముదిరిన జబ్బుని వదిలేసి సూదిని నిందించేవాళ్లు. మా మేనత్త చూసిందీ అదే అయ్యుంటుంది. ఆవిడకి ఇదే మాట నెమ్మదిగా చెప్పాను. విన్నదో లేదో గానీ, తర్వాత తోడికోడలి పరీక్ష రోజున గుడికి వెళ్లి దణ్ణం పెట్టుకుని వచ్చింది.

ఇంకో మాట. “నొప్పి లేదు కదా, క్యాన్సరైతే నొప్పుంటుంది” అని వాయిదా వేయకండి. రొమ్ము క్యాన్సర్ గడ్డ చాలామందిలో మొదట నొప్పి పుట్టదు. పసర్లు, పట్లు, కాపడాలు వేసి చూద్దామని రోజులు గడపొద్దు. కాపడంతో చర్మం కాలితే స్కాన్‌లో కనిపించేది కూడా మారిపోవచ్చు.

5. ఎవరిని తీసుకెళ్లాలి

మీ మాట వినే మనిషిని. మీకంటే ఎక్కువ ఏడ్చే మనిషి వద్దు. నేను మా ఆయనకి రెండు రోజులు చెప్పలేదు. అది తప్పే. చెప్పాక ఆయన చేసిన మంచి పనల్లా ఫైలు పట్టుకుని నోరు మూసుకుని పక్కన కూర్చోవడం, నాకు కావాల్సిందీ అదే. ఊరందరికీ ఇప్పుడే చెప్పక్కర్లేదు. అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపుకి అసలే చెప్పక్కర్లేదు.

6. ముందు రోజు

మందుల చీటీ మొత్తం తీసుకెళ్లి చూపించండి. ఎకోస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ లాంటి రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే అది మొదట చెప్పాలి. గుండెకి స్టెంటు వేసినవాళ్లు వాటిని సొంతంగా ఆపితే ప్రమాదం. ఆపాలో వద్దో గుండె డాక్టరుతో మాట్లాడి చెప్తారు. ఆయుర్వేద మందులు, చేపనూనె గొట్టం మాత్రలు కూడా మందుల కిందే లెక్క, దాచొద్దు. పన్ను పీకినప్పుడు మత్తు ఇంజెక్షన్ పడక కళ్లు తిరిగాయా? అదీ చెప్పండి. గర్భంతో ఉన్నా, పాలిస్తున్నా చెప్పండి. అప్పుడూ బయాప్సీ చేయొచ్చు, జాగ్రత్తలు మారతాయి.

లోకల్ మత్తుతో చేసే సూది బయాప్సీకి సాధారణంగా పరగడుపున ఉండక్కర్లేదు. రెండు ఇడ్లీ తిని వెళ్లండి. షుగరున్నవాళ్లు ఖాళీ కడుపుతో గంటలు గంటలు కూర్చుంటే సూది కంటే ముందు నీరసమే పడేస్తుంది. మీ ఆస్పత్రి తినొద్దంటే మాత్రం ఎందుకో అడిగి, అలాగే చేయండి. బయట ఉన్న రోజుల్లో చేయించుకోవచ్చా అని అడుగుతారు. చేయించుకోవచ్చు.

ముందు హుక్కులున్న జాకెట్టు, చీర మంచిది. తల మీంచి వేసుకునే కుర్తా వద్దు, వచ్చేటప్పుడు చెయ్యెత్తి తొడుక్కోవడం కష్టం. మామోగ్రామ్ మెషిన్ మీద చేసేదైతే పౌడరు, సెంటు, ఆయింట్‌మెంటు ఏవీ రాయకండి, అవి ఫిల్ములో చుక్కల్లా పడతాయి.

మంగళసూత్రం సంగతి చాలామంది మనసులో పెట్టుకుని అడగరు. అల్ట్రాసౌండ్‌తో చేసేటప్పుడు తీయనక్కర్లేదు, అడ్డం రాకుండా ఉంటే చాలు. నేను నల్లపూసలు తీసి అత్తయ్యగారి చేతికిచ్చి, సూత్రాల తాడు వీపు వైపు తిప్పి జడకి క్లిప్పుతో పెట్టుకున్నాను. నర్సమ్మ చూసి “ఇదేదో బాగుందమ్మా, అందరికీ చెప్తాను” అంది.

7. ఆ గదిలో

చేసేది మగ డాక్టరైతే లేడీ నర్సు గదిలో ఉండాలి. లేకపోతే పిలిపించమని అడగండి, అది మీ హక్కు. సంతకం పెట్టించే కాగితంలో ఏ పక్క, ఏ పరీక్ష అని రాశారో చదవండి. ఇంగ్లీషు రాకపోతే చదివి చెప్పమనండి.

వెల్లకిలా పడుకోబెట్టి చెయ్యి తల మీదికి పెట్టమంటారు. చల్లటి జెల్ రాసి గడ్డని మళ్లీ చూస్తారు. తర్వాత మత్తు సూది. నిజం చెప్పాలంటే నొప్పంతా ఇక్కడే: కండచీమ కుట్టినట్టు చురుక్కుమని, కొన్ని సెకన్లు మంట. రెండు మూడు నిమిషాలకి అక్కడ మొద్దుబారుతుంది. ఆ తర్వాత సుమారు 3, 4 మిల్లీమీటర్ల గాటు పెట్టి అసలు సూది దించుతారు. అది దాదాపు 2 మిల్లీమీటర్ల మందం.

మనల్ని భయపెట్టేది చప్పుడు. ముక్క తీసేటప్పుడు సూది గన్ స్టేప్లర్ నొక్కినట్టు టప్‌మంటుంది. నాకు చేసిన డాక్టరు ముందుగా గాల్లో ఒకసారి నొక్కి “ఇదమ్మా శబ్దం” అని వినిపించారు. అందుకే లోపల మోగినప్పుడు ఉలిక్కిపడలేదు. మీరూ అడగండి, “ఒకసారి వినిపిస్తారా” అని. ఉలిక్కిపడి కదిలితే గురి తప్పుతుంది. ఒకే ముక్కతో సరిపోదు. మూడు నుంచి ఐదు ముక్కలు తీయడం మామూలే, కాబట్టి రెండో టప్ వినగానే “ఏదో తేడాగా ఉందేమో” అనుకోకండి. ఒత్తిడి తెలుస్తుంది, నొప్పి తెలియకూడదు. తెలిస్తే వెంటనే చెప్పండి, ఇంకొంచెం మత్తిస్తారు. ఓర్చుకుంటే గొప్పేమీ లేదు.

కొందరికి గడ్డ ఉన్న చోట గుర్తుగా టైటానియం క్లిప్పు వదులుతారు, బియ్యపు గింజకన్నా చిన్నది. అది ఒంటికి పడకపోవడమంటూ సాధారణంగా ఉండదు, ఎయిర్‌పోర్టులో మోగదు. అయ్యాక ఒక పది నిమిషాలు గట్టిగా అదిమి పట్టుకుంటారు. అది సరిగ్గా చేయించుకోండి, తర్వాత కమిలేది దీన్ని బట్టే. మొత్తం అరగంట పని.

8. బాటిల్ మీద పేరు చదవండి

అన్నిటికంటే గట్టిగా చెప్పదలుచుకున్నది ఇది.

మన దగ్గర చాలా చోట్ల ముక్కలున్న బాటిల్ మన చేతికే ఇచ్చి “ల్యాబులో ఇచ్చి రండి” అంటారు. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా, లోపల నీళ్లలాంటి ఫార్మలిన్ (ముక్క పాడవకుండా ఉంచే మందు), అందులో సేమియా పుల్లల్లా సన్నటి తెల్లటి ముక్కలు. తోడికోడలికి చేసినప్పుడు ఆ డబ్బా నా చేతిలో పెట్టారు. డబ్బాకి అంటించిన తెల్ల ప్లాస్టరు ముక్క మీద బాల్‌పెన్నుతో పేరు, వయసు, “ఆర్‌టీ”. అంటే కుడి. తను మంచం మీంచి లేస్తూ “అక్కా, నాది ఎడమ కదా” అంది. చీటీలో ఎడమ అనే ఉంది, డబ్బా మీద కుడి అని ఉంది. నేను వెనక్కి వెళ్లి చూపిస్తే సిస్టరు గబగబా మార్చి, డాక్టరు చేత సంతకం పెట్టించి ఇచ్చింది. ఏ ఆస్పత్రో ఇక్కడ చెప్పను. ఒకరోజు ఇరవైమందిని చూసే చోట ఎక్కడైనా జరుగుతుంది. కానీ తన రిపోర్టు క్యాన్సరని వచ్చిన రోజు, ఆ ప్లాస్టరు ముక్క గుర్తొచ్చి నా కాళ్లు వణికాయి.

కాబట్టి బయటికొచ్చే ముందు అక్కడే నిలబడి చదవండి: పూర్తి పేరు, వయసు, ఓపీ నంబరు, కుడా ఎడమా, తేదీ. చీటీ మీదా డబ్బా మీదా ఒకేలా ఉండాలి. “ఇది ఫార్మలినేనాండీ?” అని అడగండి. సెలైనులోనో మామూలు నీళ్లలోనో వేస్తే ముక్క పాడవుతుంది. ముక్కలు మునిగి పైన కూడా బాగా ద్రవం ఉండాలి. మూత తీయకండి, ఘాటుకి కళ్లు మండుతాయి. ఫ్రిజ్జులో పెట్టకండి, మే నెల ఎండలో బండి డిక్కీలో వదలకండి. అదే రోజు ల్యాబులో ఇచ్చి, రసీదు తీసుకుని ఫోనులో ఫోటో తీసుకోండి. అంత దూరం ఎవరు వెళ్తారని రేపటికి వాయిదా వేయొద్దు.

9. ఇంటికొచ్చాక

బండి వెనక కూర్చుని గతుకుల్లో రావద్దు. ఆటోలో వస్తే చిన్న టవలు మడిచి కట్టు మీద చేత్తో ఆనించుకోండి. కారైతే సీటు బెల్టుకీ ఒంటికీ మధ్య ఆ టవలు పెట్టండి. గుంటూరు నుంచి విజయవాడ బస్సులో రావాల్సి వస్తే చివరి సీటు ఎక్కొద్దు.

ఐసు గుడ్డలో చుట్టి, జాకెట్టు మీంచే పది పదిహేను నిమిషాలు, ఆ సాయంత్రం రెండు మూడుసార్లు. రాత్రి కూడా బిగువుగా పట్టి ఉండే బ్రా వేసుకుంటే లాగినట్టుండదు. మత్తు ఒకటి రెండు గంటల్లో దిగుతుంది, అప్పుడు సలుపుతుంది. డాక్టరు వద్దనకపోతే పారాసెటమాల్ చాలు. రక్తాన్ని పలచబరిచే ఆస్పిరిన్ లాంటి నొప్పి మాత్రలు అడగకుండా వేసుకోవద్దు. ఒకటి రెండు రోజులు బిందెలు మోయడం, రుబ్బడం, దుప్పట్లు పిండటం మానండి. ఇంట్లోవాళ్లకి ఇది ముందు రోజే చెప్పి పెట్టండి.

చర్మం నీలంగా కమిలి, తర్వాత ఆకుపచ్చగా, పసుపుగా మారి పోతుంది, పది రోజులు పట్టొచ్చు. కట్టు తడిసేంత రక్తం ఆగకుండా వస్తున్నా, వాపు గంటగంటకీ పెరుగుతున్నా, జ్వరం, చీము, ఎర్రబడి వేడెక్కడం కనిపించినా ఆ రాత్రే ఫోన్ చేయండి. ఇవి అరుదు. గాటు మీద పసుపు, కాఫీ పొడి లాంటివి పెట్టకండి.

10. రిపోర్టు దాకా, రిపోర్టు రోజున

ఎన్ని రోజులని ల్యాబులోనే అడగండి. కొన్ని రోజుల నుంచి వారం పట్టొచ్చు. ఆలస్యమైతే చెడ్డదేనని లెక్క కాదు. క్యాన్సరని తేలితే అది ఏ మందులకి లొంగే రకమో చెప్పే ఈఆర్, పీఆర్, హెర్‌2 అనే పరీక్షలు అదే ముక్క మీద చేస్తారు, దానికి ఇంకొన్ని రోజులు. తోడికోడలి విషయంలో అలాగే అయింది. ఆ రోజులు తను ఊరగాయ జాడీలన్నీ తుడిచి ఎండలో పెట్టింది. చేతికి పని ఉండటం మంచిదే.

రిపోర్టు కౌంటర్లో తీసుకుని, మెట్ల మీద నిలబడి గూగుల్ చేయకండి. డాక్టరు ముందే తెరవండి. తోడుగా వచ్చినవాళ్లని రాసుకోమనండి. వీలైతే డాక్టరుని అడిగి మాట రికార్డు చేసుకోండి, ఎందుకంటే నాలాగే మీకూ ఏమీ చెవికెక్కకపోవచ్చు.

క్యాన్సర్ కాదని వస్తే అడగాల్సింది ఒకటే: “స్కాన్‌లో కనిపించిన దానికీ, ఈ రిపోర్టుకీ పొంతన కుదిరిందాండీ?” స్కాన్‌లో గట్టి అనుమానం ఉండి ముక్కలో ఏమీ లేదని వస్తే సూది పక్కన పడి ఉండొచ్చు, మళ్లీ చేయాల్సి రావచ్చు. ఎటిపియా, అంటే కణాలు మామూలుగా లేవు అనే మాట ఉన్నా వదిలేయొద్దు. మళ్లీ స్కాన్ ఎప్పుడో తేదీ రాయించుకోండి. నాకు ఆరు నెలలన్నారు.

క్యాన్సరని వస్తే ఆ రోజే ఆపరేషనుకి డబ్బు కట్టేయమని ఎవరైనా తొందరపెట్టినా, కొన్ని రోజులు ఆగి రెండో డాక్టరుకి చూపించుకోవచ్చు. నెలలు మాత్రం ఆగొద్దు. రెండో డాక్టరుకి చూపించాలంటే స్లైడులు, మైనపు బ్లాకులు కావాలి. ముక్కలు ఆ బ్లాకుల్లోనే ఉంటాయి, ల్యాబుకి రాసిస్తే ఇస్తారు. తోడికోడలివి చిన్న అట్టపెట్టెలో పెట్టి ఇచ్చారు. అది చీరల బీరువాలో పై అరలో, ఫైలు పక్కనే ఉంది. స్లైడులు పగలకుండా చుట్టూ దూది పెట్టాను.